కీబోర్డుని ల్యాప్‌టాప్‌కి కలిపాక శబ్దం రావట్లేదా? ముందు మిడి అంటే ఏమిటో తెలుసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న మీ అమ్మాయికి యమహా పీఎస్‌ఆర్ ఈ373 కొన్నారు. ప్రింటర్ కేబుల్‌తో విండోస్ ల్యాప్‌టాప్‌కి కలిపారు. శబ్దాన్ని రికార్డ్ చేసే ఆడాసిటీ అనే ప్రోగ్రామ్‌లో రికార్డ్ నొక్కితే ఏమీ పడలేదు. రీపర్ అనే ఇంకో సంగీతం రికార్డింగ్ ప్రోగ్రామ్‌లో కీలు నొక్కినట్టు గుర్తులు పడ్డాయి కానీ శబ్దం లేదు. ఎవరో చెప్తే ఒక సాఫ్ట్‌వేర్ పియానో వేశారు, అప్పుడు శబ్దం ఆలస్యంగా వస్తోంది, పైగా ఒక్కో స్వరం రెండుసార్లు వినిపిస్తోంది. కీబోర్డు పాడైందా, ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు, వాయిద్యాల శబ్దాన్ని కంప్యూటర్‌లోకి చేర్చే పెట్టె) కొనాలా అని మీ టెన్షన్.

కీబోర్డు బాగానే ఉంది. ఇంటర్‌ఫేస్ ఇప్పుడు కొనకండి. మీరు చెప్పిన ఇబ్బందులన్నీ ఒక్క విషయం దగ్గర ముడిపడి ఉన్నాయి: మిడి అనే దాంట్లో శబ్దం ఉండదు. ఏ కీ నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అనే సమాచారం మాత్రమే ఉంటుంది. ఆ సమాచారం చూసి శబ్దం పుట్టించే పని ఇంకెవరో చేయాలి. సంగీతం టీచర్ నోటుపుస్తకంలో స్వరాలు రాసిచ్చినట్టే ఇదీ. పుస్తకం దానంతటది పాడదు, దాన్ని చూసి పాడే గొంతు కావాలి.

కాస్త దగ్గరగా చూద్దాం. మీ అమ్మాయి మధ్య సీ కీ నొక్కిందనుకోండి. కీబోర్డు నుంచి మూడు అంకెలు బయల్దేరతాయి: 144, 60, 90. మొదటిది 144, అంటే 'ఒకటో ఛానల్‌లో ఒక కీ నొక్కారు'. 60 అంటే మధ్య సీ. 90 అనేది నొక్కిన వేగం. దీన్ని వెలాసిటీ అంటారు, 1 నుంచి 127 వరకు ఉంటుంది. మెల్లగా నొక్కితే 30 రావచ్చు, గట్టిగా కొడితే 110 రావచ్చు. కీ వదిలినప్పుడు ఇంకో మూడు అంకెలు వెళ్తాయి. కొన్ని కీబోర్డులు వదిలినందుకు వేరే సందేశం పంపుతాయి, కొన్ని అదే 144, 60 పంపి మూడో అంకె దగ్గర సున్నా పెడతాయి. రెండింటికీ అర్థం ఒకటే.

మీ ఇంట్లో రోజూ వినిపించే మాయామాళవగౌళనే తీసుకోండి. సీ దగ్గర షడ్జమం పెట్టుకుని స రి గ మ ప ద ని స వాయిస్తే కంప్యూటర్‌కి చేరేది 60, 61, 64, 65, 67, 68, 71, 72. అంతే. అందులో వీణ లేదు, పియానో లేదు. కీబోర్డు మీద మీరు సితార్ టోన్ పెట్టుకున్నా, స్ట్రింగ్స్ పెట్టుకున్నా ఆ అంకెలు మారవు. రీపర్‌లో గుర్తులు పడి శబ్దం రాకపోవడానికి కారణం ఇదే. సమాచారం చేరింది, దాన్ని శబ్దంగా మార్చే వాయిద్యం అక్కడ లేదు.

ఈ పద్ధతి 1983లో మొదలైంది. ఆ ఏడాది జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ అనే సంగీత వాయిద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వాళ్ల ప్రాఫెట్ 600నీ రోలాండ్ వాళ్ల జూపిటర్ 6నీ ఒక వైరుతో కలిపి చూపించారు. పోటీ కంపెనీల వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం అప్పట్లో చాలా పెద్ద సంగతి. దీని వెనక ముఖ్యులు ఇద్దరు, సీక్వెన్షియల్ స్థాపకుడు డేవ్ స్మిత్, రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కాకెహాషి. 2013లో ఇద్దరికీ కలిపి టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. నలభై ఏళ్లు దాటినా అప్పటి సందేశాలు ఇవాళ్టి కీబోర్డులోనూ అలాగే పనిచేస్తున్నాయి. కంప్యూటర్ ప్రపంచంలో ఇంతకాలం మారకుండా నిలబడినవి చాలా తక్కువ. అందుకే మిడి అంటే నాకు గౌరవం.

ఇక మీ పనిలోకి వద్దాం.

ముందు కేబుల్. కీబోర్డు వెనక 'యూఎస్‌బీ టు హోస్ట్' అని రాసి ఉన్న చతురస్రపు రంధ్రంలోనే పెట్టాలి. మీరు వాడిన ప్రింటర్ కేబుల్ సరైనదే. కొన్ని పెద్ద మోడల్స్‌లో పక్కనే 'యూఎస్‌బీ టు డివైస్' అని ఇంకోటి ఉంటుంది, అది పెన్‌డ్రైవ్ కోసం, కంప్యూటర్‌కి పనికిరాదు. రీపర్‌లో గుర్తులు పడుతున్నాయంటే మీ కేబుల్ దారి సరిగ్గానే ఉంది.

మీ మోడల్‌లో ఇంకో సౌకర్యం ఉంది. అదే యూఎస్‌బీ కేబుల్‌లో మిడితో పాటు ఆడియో కూడా విడిగా వెళ్తుంది. అంటే కీబోర్డు స్పీకర్‌లో వినిపించే శబ్దాన్ని ఉన్నదున్నట్టు ల్యాప్‌టాప్‌లోకి తీసుకోవచ్చు. ఇందుకోసం విండోస్‌లో యమహా స్టైన్‌బర్గ్ యూఎస్‌బీ డ్రైవర్ వేయాలి, యమహా వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. డ్రైవర్ వేసేటప్పుడు కేబుల్ తీసేయండి, వేశాక పెట్టండి. తర్వాత ఆడాసిటీ తెరిచి, రికార్డింగ్ డివైస్ దగ్గర ల్యాప్‌టాప్ మైక్ బదులు యమహా లేదా డిజిటల్ కీబోర్డ్ లాంటి పేరు కనిపిస్తే అది ఎంచుకోండి. ఆడాసిటీ మిడిని రికార్డ్ చేయదు, దానికి ఆడియో మాత్రమే తెలుసు. మీకు ఏమీ పడకపోవడానికి కారణం అది.

ఈ ఆడియో దారి వల్ల చాలామంది ఒక చోట కంగారు పడతారు. కీబోర్డు పెట్టగానే విండోస్ దాన్నే స్పీకర్ అనుకుని, ల్యాప్‌టాప్ శబ్దమంతా కీబోర్డు స్పీకర్లకి పంపేస్తుంది. ల్యాప్‌టాప్ మూగబోయిందని అనుకుంటారు. కింద గడియారం పక్కన ఉన్న స్పీకర్ గుర్తు నొక్కి అవుట్‌పుట్ మార్చుకుంటే చాలు.

ఇప్పుడు రీపర్. ఆప్షన్స్‌లో ప్రిఫరెన్సెస్ తెరవండి. మిడి ఇన్‌పుట్స్ జాబితాలో మీ కీబోర్డు పేరు ఉంటుంది, దాన్ని ఎనేబుల్ చేయండి. బయటికొచ్చి కంట్రోల్, టీ కలిపి నొక్కితే కొత్త ట్రాక్ వస్తుంది. ట్రాక్ మీద ఎర్ర చుక్క నొక్కండి, ఇన్‌పుట్ దగ్గర మిడి, ఆల్ మిడి ఇన్‌పుట్స్, ఆల్ ఛానల్స్ ఎంచుకోండి. తర్వాత ఎఫ్‌ఎక్స్ బటన్ నొక్కి ఒక వాయిద్యం వేయండి. రీపర్‌తో పాటే వచ్చే రియాసింత్ వేసి చూడండి. దాని శబ్దం ఏమంత బాగుండదు, కానీ పరీక్షకి అది చాలు. వినిపించిందంటే మీ సెట్టింగ్ పూర్తయినట్టే. ఆ తర్వాత తీరిగ్గా మంచి పియానోలు, స్ట్రింగ్స్ వెతుక్కోవచ్చు. ఉచితంగానే సర్జ్ ఎక్స్‌టీ, వైటల్ లాంటి మంచి సింథ్‌లు, అంటే శబ్దం పుట్టించే సాఫ్ట్‌వేర్ వాయిద్యాలు దొరుకుతాయి.

రెండుసార్లు వినిపించడం గురించి. మీరు కీ నొక్కగానే కీబోర్డు తన శబ్దం తాను చేస్తుంది, ఆ సమాచారం ల్యాప్‌టాప్‌కి వెళ్లి అక్కడి సాఫ్ట్‌వేర్ పియానో కూడా మోగుతుంది. రెండూ కలిసి ప్రతి స్వరం రెండుసార్లు పడుతుంది. దీనికి మందు 'లోకల్ కంట్రోల్'. కీబోర్డులో ఫంక్షన్ బటన్ నొక్కి లోకల్ అనే చోటికి వెళ్లి ఆఫ్ చేయండి. అప్పుడు కీలు సమాచారం పంపుతాయి కానీ కీబోర్డు తానుగా మోగదు. ఒకటి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి: లోకల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ లేకుండా వాయిస్తే కీబోర్డు నిశ్శబ్దంగా ఉంటుంది. పాడైందనుకుని సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లినవాళ్లు ఉన్నారు. లోకల్ మళ్లీ ఆన్ చేస్తే సరిపోతుంది. చాలా మోడల్స్‌లో స్విచ్ ఆపి వేసినా అదే ఆన్ అవుతుంది.

లోకల్ ఆఫ్ చేశాక కూడా రెండు శబ్దాలు వస్తుంటే, రీపర్ ఆ మిడిని తిరిగి కీబోర్డుకే పంపుతోందేమో చూడండి. ట్రాక్ రౌటింగ్‌లో మిడి హార్డ్‌వేర్ అవుట్‌పుట్ దగ్గర ఏమీ ఎంచుకోకుండా ఉంచాలి.

ఇక ఆలస్యం. ఎక్కువ మందికి విసుగు పుట్టించేది, ఇక అక్కడితో వదిలేసేలా చేసేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఆలస్యం మిడి వల్ల రాదు. పాతకాలపు గుండ్రటి మిడి వైరులో కూడా సెకనుకి 31,250 బిట్లు వెళ్తాయి, ఒక కీ నొక్కిన సందేశానికి ఒక మిల్లీసెకను పడుతుంది, అంతే. యూఎస్‌బీలో ఇంకా తక్కువ. అసలు ఆలస్యం ల్యాప్‌టాప్ శబ్దాన్ని తయారుచేసి బయటికి పంపే దగ్గర వస్తుంది. కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కో చుక్కగా పంపదు, కొంత పోగేసి ఒక్కసారిగా పంపుతుంది. ఆ పోగునే బఫర్ అంటారు. సెకనుకి 44,100 శాంపిల్స్ (చుక్కలు) లెక్కన 1024 బఫర్ పెడితే ఒక్క పోగుకే సుమారు 23 మిల్లీసెకన్లు. 256 పెడితే 6 లోపు. 128 పెడితే 3 దగ్గర. డ్రైవర్ దీనికి ఇంకొంత కలుపుతుంది. మొత్తం 10 మిల్లీసెకన్ల లోపు ఉంటే వేళ్లకి తేడా తెలియదు. 30 దాటితే రెండో కాలంలోనే (రెట్టింపు వేగంలోనే) చెయ్యి తడబడుతుంది, మూడో కాలం వాయించడం కష్టం.

రీపర్ ప్రిఫరెన్సెస్‌లో ఆడియో, దాని కింద డివైస్ తెరవండి. అక్కడ వేవ్ అవుట్ లేదా డైరెక్ట్ సౌండ్ ఉంటే మీ ఆలస్యానికి కారణం దొరికినట్టే. దాన్ని ఏసియో (ఆలస్యం తక్కువగా ఉండే ఆడియో డ్రైవర్ పద్ధతి) చేయండి. యమహా డ్రైవర్ వేసి ఉంటే ఏసియో జాబితాలో అదే కనిపిస్తుంది, అది ఎంచుకోండి. బఫర్ 256తో మొదలుపెట్టండి. శబ్దం చిటపటలాడకపోతే 128కి దించండి, చిటపటలాడితే 512కి పెంచండి. యమహా ఏసియో ఎంచుకున్నాక సాఫ్ట్‌వేర్ పియానో కూడా కీబోర్డు స్పీకర్లలోంచే వస్తుంది, హెడ్‌ఫోన్ కూడా కీబోర్డుకే పెట్టుకోవచ్చు. ఒక్క కేబుల్‌తో మిడి, ఆడియో, స్పీకర్లు అన్నీ కుదురుతాయి. ఆడియో ఇంటర్‌ఫేస్ వద్దన్నది ఇందుకే.

ఇలా యూఎస్‌బీ ఆడియో లేని కీబోర్డు ఉన్నవాళ్లు ఏసియో4ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసుకుని ల్యాప్‌టాప్ సౌండ్ కార్డునే వాడుకోవచ్చు. విండోస్‌లో ముందే ఉండే మైక్రోసాఫ్ట్ జీఎస్ వేవ్‌టేబుల్ సింథ్ మీద మాత్రం ప్రత్యక్షంగా వాయించకండి, దాని ఆలస్యం చెవికి స్పష్టంగా తెలుస్తుంది. మ్యాక్ ఉన్నవాళ్లకి ఈ తలనొప్పి దాదాపు లేదు. కేబుల్ పెట్టి గ్యారేజ్‌బ్యాండ్ తెరిస్తే చాలు.

బ్లూటూత్ స్పీకర్, బ్లూటూత్ ఇయర్‌ఫోన్ వాడుతుంటే మాత్రం పైన చెప్పినవన్నీ చేసినా లాభం లేదు. బ్లూటూత్‌లో శబ్దం చేరడానికే వంద మిల్లీసెకన్లు, ఒక్కోసారి అంతకు రెట్టింపు పడుతుంది. పాటలు వినడానికి పర్వాలేదు, వాయించడానికి పనికిరాదు. వైరున్న హెడ్‌ఫోన్ మామూలుదైనా మేలు.

ఇన్ని సెట్టింగులు మార్చుకోవడం దేనికి, నేరుగా ఆడియో రికార్డ్ చేసుకుంటే పోదా అని మీకు అనిపించవచ్చు. పాటని ఎవరికైనా పంపడానికి అయితే ఆడియోనే సులువు. రిథమ్ స్టైల్స్‌తో కలిపి వాయించినప్పుడు కూడా ఆడియోగా తీసుకోవడమే నయం, ఎందుకంటే మోడల్‌ని బట్టి ఆ స్టైల్ భాగమంతా మిడిలో బయటికి రాకపోవచ్చు. కానీ నేర్చుకునే పిల్లలకి మిడి ఇచ్చేది ఆడియో ఇవ్వలేదు. మీ అమ్మాయి సరళీ వరుస మూడు కాలాల్లో వాయించి మిడిగా రికార్డ్ చేసిందనుకోండి. తెర మీద ప్రతి స్వరం ఒక గీతలా కనిపిస్తుంది. ఎక్కడ తాళం కంటే ముందు పడిందో, ఎక్కడ ఉంగరపు వేలు బలహీనంగా పడి వెలాసిటీ తగ్గిందో కళ్లతో చూడొచ్చు. టెంపో 90 నుంచి 60కి తగ్గిస్తే శ్రుతి ఒక్క రవ్వ కూడా మారదు, ఎందుకంటే అక్కడ సాగదీయడానికి శబ్దమే లేదు. తప్పు పడిన ఒక్క స్వరాన్ని పట్టుకుని పక్కకి జరపొచ్చు. నాలుగు నిమిషాల పాట ఆడియోగా సీడీ నాణ్యతలో 40 ఎంబీ దాటుతుంది, అదే మిడి కొన్ని పదుల కేబీల్లో అయిపోతుంది. సినిమా పాటల క్రెడిట్స్‌లో కీబోర్డ్ ప్రోగ్రామింగ్ అని చూస్తుంటారు కదా, ఆ పనికి పునాది ఇదే.

క్వాంటైజ్ అని ఒక బటన్ ఉంటుంది, తాళం తప్పిన స్వరాలన్నీ ఒక్క నొక్కుతో వరుసలోకి వచ్చేస్తాయి. నేర్చుకునే వయసులో దాని జోలికి పోనివ్వకండి. వినడానికి బాగుంటుంది, కానీ చేతికి తాళం రాదు.

కర్ణాటక సంగీతం అన్నారు కాబట్టి గమకం గురించి చెప్పకపోతే ఈ సమాధానం పూర్తి కాదు. మిడిలో స్వరస్థానాలు పన్నెండే, మెట్లు మెట్లుగా ఉంటాయి. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి జారడానికి పిచ్ బెండ్ అనే వేరే సందేశం ఉంది. కొన్ని కీబోర్డుల్లో ఎడమ పక్క చక్రంలా ఉండేది దాని కోసమే. ఆ సందేశంలో 16,384 స్థాయిలు ఉంటాయి, కాబట్టి జారుడు నునుపుగానే వస్తుంది. మామూలుగా అది పైకి రెండు, కిందకి రెండు అరస్వరాల దూరం జరుపుతుంది, సాఫ్ట్‌వేర్ వాయిద్యంలో ఆ దూరం పెంచుకోవచ్చు. చక్రం లేని కీబోర్డైతే రికార్డ్ చేశాక తెర మీద మౌస్‌తో ఆ వంపు గీసుకోవచ్చు.

ఇబ్బంది ఎక్కడంటే, పిచ్ బెండ్ ఒక స్వరానికి కాదు, మొత్తం ఛానల్‌కి, అంటే అందులో మోగుతున్న స్వరాలన్నిటికీ వర్తిస్తుంది. ఎడమ చేత్తో స ప పట్టుకుని కుడి చేత్తో గాంధారానికి గమకం ఇస్తే, శ్రుతిలా నిలబడాల్సిన స ప కూడా ఊగిపోతాయి. వినలేం. అందుకని శ్రుతిని వేరే ట్రాక్‌లో వేరే ఛానల్ మీద పెట్టుకోండి. లేదా తంబురా యాప్ పక్కన మోగనివ్వండి. ఒక్కో స్వరానికి విడిగా బెండ్ ఇచ్చే ఎంపీఈ అనే పద్ధతి 2018లో ప్రమాణంగా వచ్చింది, 2020లో వచ్చిన మిడి 2.0లోనూ ఆ వీలుంది. కానీ వాటికి తగిన కీబోర్డు, తగిన సాఫ్ట్‌వేర్ రెండూ ఉండాలి. నా అభిప్రాయం చెప్పాలంటే, గమకం గొంతుతోనో వీణతోనో వయొలిన్‌తోనో నేర్పించండి. కీబోర్డుని స్వరస్థానాల పరిచయానికి, లయకి వాడుకోండి.

శ్రుతి విషయంలో ఇంకో చిక్కు. ఆడపిల్లలు ఎక్కువగా ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడతారు కాబట్టి చాలా ఇళ్లలో ట్రాన్స్‌పోజ్ (స్వరాలన్నిటినీ పైకో కిందకో జరిపే) బటన్ నొక్కి సీ దగ్గరే వాయిస్తారు. మోడల్‌ని బట్టి ఆ ట్రాన్స్‌పోజ్ బయటికి వెళ్లే అంకెల్ని కూడా మార్చేస్తుంది. 60 పోవాల్సిన చోట 67 పోతుంది. మళ్లీ సాఫ్ట్‌వేర్‌లో కూడా ట్రాన్స్‌పోజ్ పెడితే శ్రుతి ఎక్కడికో వెళ్లిపోతుంది. మిడి వాడేటప్పుడు కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ సున్నాలో ఉంచి, మార్పంతా సాఫ్ట్‌వేర్‌లోనే చేయండి. ఇంకోటి, యమహా వాళ్లు 60వ స్వరాన్ని సీ3 అంటారు, రీపర్ దాన్నే సీ4 అని చూపిస్తుంది. స్థాయి తప్పిందని కంగారుపడొద్దు, పేరే వేరు.

పెడల్ పెట్టాక అన్నీ తిరగబడి వినిపిస్తే, అంటే తొక్కితే ఆగి, వదిలితే మోగుతుంటే, కీబోర్డు ఆన్ చేసేటప్పుడు కాలు పెడల్ మీద ఉండి ఉంటుంది లేదా పెడల్ రకం వేరై ఉంటుంది. ఒకసారి కీబోర్డు ఆపి, పెడల్ వదిలేసి ఆన్ చేయండి. ఏదైనా స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటే వదిలిన సందేశం దారిలో పోయిందన్నమాట. రీపర్ యాక్షన్స్ జాబితాలో ఆల్ నోట్స్ ఆఫ్ అని వెతికితే దొరుకుతుంది, అది నొక్కండి.

ఫోనుతో కలపాలనుకునేవాళ్లకి: ఆండ్రాయిడ్ 6 నుంచి మిడి ఫోన్‌లోనే ఉంది, ఓటీజీ అడాప్టర్ ఉంటే చాలు. పాత కీబోర్డుకి వెనక ఐదు పిన్నుల గుండ్రటి రంధ్రాలే ఉంటే యూఎస్‌బీ మిడి కేబుల్ కొనాలి. దాని మీద ఇన్ అని రాసి ఉన్న కొన కీబోర్డు అవుట్‌లోకి వెళ్లాలి, చాలామంది ఇన్‌ని ఇన్‌లోనే పెట్టి వదిలేస్తారు. మరీ చవక కేబుల్స్ కొన్ని సందేశాలు మింగేస్తాయి కాబట్టి రోలాండ్ యూఎమ్ వన్ లాంటి పేరున్నది తీసుకోండి.

ఇన్ని చేసినా కుదరకపోతే మిడి ఆక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి చూడండి. చాలా విండోస్ వర్షన్లలో ఒక మిడి పోర్టుని ఒకసారికి ఒక్క ప్రోగ్రామే వాడుకోగలదు, కాబట్టి రీపర్ మూసేసి దీన్ని తెరవండి. ఇన్‌పుట్‌గా మీ కీబోర్డు ఎంచుకుని ఒక కీ నొక్కండి. తెర మీద అంకెల వరుసలు కదిలితే కీబోర్డు, కేబుల్, డ్రైవర్ మూడూ బాగున్నట్టు, సమస్య రీపర్ సెట్టింగుల్లో ఉన్నట్టు. ఏమీ కదలకపోతే కేబుల్ మార్చండి, ల్యాప్‌టాప్‌లో వేరే పోర్టు చూడండి, హబ్ ఉంటే తీసేయండి. అక్కడ ఏం కనిపించిందో ఇక్కడ రాయండి, మిగతాది దాన్ని బట్టి చెప్తాను.

ఆడియో ఇంటర్‌ఫేస్ కొనాలా అన్నారు కదా. మీ అమ్మాయి గొంతుని మంచి మైక్‌తో రికార్డ్ చేయాలనుకున్న రోజున కొనండి. అప్పుడు కూడా కీబోర్డు మిడి ఇదే యూఎస్‌బీ కేబుల్‌లో వస్తుంది, ఇంటర్‌ఫేస్‌కి మైకూ హెడ్‌ఫోనూ తగిలిస్తే చాలు. రీపర్‌లో ఏసియో మాత్రం యమహా నుంచి ఆ ఇంటర్‌ఫేస్‌కి మార్చుకోవాలి.